తన బండి పరుగు డేలియో చూసిన ఆదివారం

డేలియో సాంతరెల్లి వారమంతా బస్సు నడిపేవాడు. ఫెర్మో పట్నం నుంచి కొండమీది ఆమాందోలాకి, ఆమాందోలా నుంచి ఫెర్మోకి. కొండ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. బడిపిల్లలు, చెప్పుల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళు, ఆ దారిలో అందరికీ అతను తెలుసు. అందరి మోకాళ్ళ నొప్పులూ అతనికి తెలుసు. స్టాపు లేనిచోట చెయ్యెత్తినా ఆపేవాడు. ఆపకపోతే మర్నాడు ఆ ఊరు ఊరంతా నిలదీసేది. సాయంత్రానికి కుడికాలు బరువెక్కిపోయేది, నడుము కొయ్యబారేది. ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే అన్నానికి లేపడానికి భార్య ఓర్నెల్లా తల ప్రాణం తోకకొచ్చేది.

అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నే మళ్ళీ బండి తీసేవాడు.

అది పసుపురంగు రెండు సీట్ల కారు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి తోసేయొచ్చు. అలాంటివాటిని అక్కడ స్పైడర్ అంటారు. డేలియో పెళ్ళీడుకి రాకముందు ట్యూరిన్‌లోని కార్ల ఫ్యాక్టరీలో తయారైంది. దాన్ని అతను కొనలేదు. బస్సు దారిలో సెస్తీలియా అనే ముసలమ్మ కోళ్ళ కొట్టం ఒకటుండేది. తలుపు సందులోంచి ఒక దీపపు కన్ను రోజూ అతన్ని చూస్తుండేది. ఒకరోజు బస్సు ఆపి, లోపలున్న జనం గొణుగుతుంటే వెళ్ళి అడిగాడు.

"పెద్దమ్మా, లోపల ఏంటది?"

"మా తమ్ముడిది నాయనా. వాడు పోయాడు, అది మిగిలింది. ఇప్పుడు నా కోళ్ళు గుడ్లు పెట్టేది దాన్లోనే."

"నాకిస్తావా?"

"తీసుకుపో. కాని నా కోళ్ళెక్కడ పడుకుంటాయి?"

అతను వరసగా కొన్ని ఆదివారాలు కూర్చుని ఆమెకు కొత్త కొట్టం కట్టిపెట్టాడు. బండిని తాళ్ళతో లాగించి ఇంటికి తెచ్చుకున్నాడు. సీట్లలోంచి ఈకలు దులపడానికే ఒక చలికాలం పట్టింది.

దానివల్ల అతనికి ఏం సుఖం కలిగిందని ఎవరైనా అడిగితే డేలియో తడబడేవాడు. సుఖం కంటే చాకిరీ ఎక్కువ. ఇవాళ కార్బ్యురేటర్ విప్పితే వచ్చేవారం బ్రేకులు కారేవి. వానకు గుడ్డ కప్పు కారి ఓర్నెల్లా ఒళ్ళో సరిగ్గా ఒకేచోట చుక్కలు పడేవి. భాగాలకోసం ఊరూరా పాత ఇనుము కొట్లు తిరగాలి. గోళ్ళకింద నలుపు ఎప్పటికీ పోదు.

"వారమంతా తోలింది చాలక మళ్ళీ ఇదొకటా? నీకు పడుకోవడం ఎలాగో మర్చిపోయినట్టుందయ్యా," అనేది ఓర్నెల్లా.

"బస్సు వేరే, ఇది వేరే."

"ఏంటో ఆ తేడా? దానికీ చక్రాలే, దీనికీ చక్రాలే."

"దీన్ని ఎవరూ చెయ్యెత్తి ఆపరు."

అంతకంటే అతను చెప్పలేకపోయేవాడు. కాని పొద్దుతిరుగుడు చేలమీదుగా కొండ మలుపులెక్కుతుంటే, రెండో గేరునుంచి మూడోదానికి మారేచోట ఇంజను గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి అందుకునేది. అప్పుడు డేలియో భుజాలు కాస్త కిందికి జారేవి. పక్కన కూర్చున్న ఓర్నెల్లా అది చూసేది. అందుకే తలకు రుమాలు కట్టుకుని, విసుక్కుంటూనే, ప్రతి ఆదివారం ఎక్కేది. ఆమెదీ అలసిన ఒళ్ళే. చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కుట్టి కుట్టి ఆమె మెడ ఒకవైపుకి వంగిపోయింది.

ఏళ్ళు గడిచాయి. పిల్లలు కలగలేదు. బండికి రెండోసారి రంగు వేశారు. డేలియోకి పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. నడుము నొప్పి అతనికి దాదాపు ఉద్యోగంలో భాగమైపోయింది. బండి మాత్రం ఎప్పటిలాగే నేలకు జానెడెత్తున ఉండేది. అందులోకి దిగడమంటే బావిలోకి దిగినట్టే. బయటికి రావడానికి అతను ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందు ఎడమకాలు, తర్వాత అద్దం చట్రం పట్టుకుని ఊపు, ఆపైన ఒక మూలుగు.

ఒక జూన్ ఆదివారం మోంతెరోవెరేలో పాత బండ్ల పండగ జరిగింది. చర్చి ముందున్న మైదానంలో బండ్లన్నీ వరసగా నిలబెట్టి, మూతలెత్తి, ఇంజన్లు చూపించుకుంటారు. ఊరి ముసలాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కోదాని ముందూ నిలబడి తగవులాడతారు. ఆపైన పొడవాటి బల్లలమీద భోజనాలు. ఓర్నెల్లా దిగి ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన ఒకామె కనిపిస్తే అటు వెళ్ళిపోయింది. డేలియో ఎడమకాలు బయటపెట్టాడు, చట్రం పట్టుకున్నాడు, ఊపు తీసుకున్నాడు. నడుములో ఏదో కలుక్కుమంది.

మళ్ళీ సీట్లో పడ్డాడు. ఊపిరి తీయడానికి కూడా భయమేసింది. నెమ్మదిగా కాలు లోపలికి లాక్కుని, తలుపు మూసుకుని, స్టీరింగుమీద చేతులు పెట్టుకుని, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు.

"దిగవేం డేలియో?" అన్నారు దారినపోయేవాళ్ళు.

"ఇక్కడ హాయిగా ఉందిలే. నీడ కదా."

నీడ ఎక్కడా లేదు. ఎండ అతని బట్టతలమీద సూటిగా పడుతోంది. అతను మాత్రం వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ, కూర్చున్నచోటునుంచే ఇంజను గురించి చెబుతూ, కొంతసేపు బాగానే నెట్టుకొచ్చాడు.

ఓర్నెల్లా తిరిగొచ్చింది. "ఏమయ్యా, కొలువు తీర్చినట్టు అలా కూర్చున్నావేం? అందరూ బల్లల దగ్గర చేరారు."

"అరవకు. నడుము పట్టేసింది. లేవలేను."

"ఎప్పట్నుంచి?"

"వచ్చినప్పట్నుంచి."

"మరియమ్మ తల్లీ! ఉండు, ఎవర్నైనా పిలుస్తా."

"వద్దు! ఇంతమంది ముందు నన్ను బస్తా లేపినట్టు లేపుతారు. కాసేపట్లో అదే సర్దుకుంటుంది. నువ్వెళ్ళి తిను."

ఆమె అతన్ని ఒక చూపు చూసింది. వెళ్ళి, పళ్ళెం నిండా మాంసం కూరి వేయించిన ఆలివ్‌లు, పక్కన కోడిమాంసం పొరల పాస్తా పెట్టుకొచ్చి స్టీరింగుకీ అతని పొట్టకీ మధ్య ఇరికించింది. తను మడ్‌గార్డుకి ఆనుకుని నిలబడి తింది. అలా అతను బండిలో కూర్చుని తింటుంటే మైదానమంతా చూసింది. ఇది బండిమీద మోజు అనుకున్నారు జనం. ఆంకోనా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయనకి అది తెగ నచ్చి, తనూ పళ్ళెం పట్టుకుని తన బండెక్కాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. భోజనాలు ముగిసేసరికి సగంమంది బండ్లలోనే ఉన్నారు, బల్లలు ఖాళీ. డేలియోకి నవ్వొచ్చింది. నవ్వితే నడుములో కత్తి దించినట్టైంది. నవ్వు ఆపుకుంటే కళ్ళవెంట నీళ్ళు.

చివర్లో బహుమతులిచ్చారు. అందమైన బండికొకటి, పాత బండికొకటి, తన బండిని అందరికంటే ఎక్కువ ప్రేమించే మనిషికి ఒక ఎండబెట్టిన పంది తొడ. మైకులో డేలియో పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి. అతను లేవలేదు. మళ్ళీ పిలిచారు. చెయ్యి ఊపాడంతే.

పండగకి రొట్టెలు తెచ్చిన గ్వాల్తియేరో, డేలియోకి చిన్ననాటి స్నేహితుడు, ఆ తొడను తనే భుజాన వేసుకొచ్చి అతని ఒళ్ళో పెట్టబోయాడు.

"ఒరేయ్, మహారాజులకి దిగి రావడం కూడా భారమైపోయిందా... ఏంట్రా, ఏడుస్తున్నావా?"

"ఆ బరువు నా ఒళ్ళో పెట్టావంటే చంపేస్తా. నడుము పోయిందిరా. పొద్దుట్నుంచి ఇలాగే ఉన్నా."

గ్వాల్తియేరో తొడను ఓర్నెల్లా చేతుల్లో పడేసి, నలుగుర్ని కేకేశాడు. డేలియో భయపడ్డదే జరిగింది. చంకలకింద ఇద్దరు, మోకాళ్ళకింద ఇద్దరు పట్టి, మైదానమంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, సీసా బిరడా లాగినట్టు అతన్ని పైకి లాగారు. ఊరి మందుల షాపాయన సూది వేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టమన్నాడు. గ్వాల్తియేరో రొట్టెల వ్యానులో పిండి బస్తాలు పరిచి వాటిమీద పడుకోబెట్టారు.

"బండి ఇక్కడే ఉండనివ్వు," అన్నాడు డేలియో నీరసంగా. "రేపు ఎవర్నైనా పంపిస్తా."

"తాళం ఇటివ్వు," అంది ఓర్నెల్లా.

"నీకు రాదే. మూడో గేరు దగ్గర..."

"ఒక్క క్షణం ఆగి వెయ్యాలి. ఇన్నేళ్ళు నీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాననుకున్నావా? తాళం."

అతను ఇచ్చాడు. ఆమెకు బండి నడపడం వచ్చు. రోజూ ఇంట్లోని మామూలు కారులో ఫ్యాక్టరీకి తనే నడుపుకుంటూ పోయేది. దీన్ని మాత్రం ఆమె ఎప్పుడూ అడగలేదు, అతనెప్పుడూ ఇస్తాననలేదు.

వ్యాను ముందు కదిలింది. వెనక తలుపులకి అద్దాలున్నాయి. డేలియో పక్కకి తిరిగి పడుకున్నాడు కాబట్టి అతని మొహం సరిగ్గా ఆ అద్దాలకెదురుగా ఉంది. మొదటి మలుపు తిరిగాక, ఖాళీ రోడ్డుమీద, పసుపురంగు బండి వచ్చింది.

అతను తల కాస్త ఎత్తాడు. ఆ బండిలో ప్రతి మరా తన చేతులతో విప్పి బిగించినవాడు. రాత్రి కరెంటు పోయినా తడిమి బాగుచేయగలడు. కాని అది పరిగెడుతుంటే ఎలా ఉంటుందో అతనెప్పుడూ చూడలేదు. ఎప్పుడు చూసినా నిలబడి ఉన్నదే. పరిగెడుతున్నప్పుడల్లా అతను దాని లోపలే ఉన్నాడు. మలుపులో అది కుడిభుజం వంచి, మళ్ళీ సర్దుకుని, చేల మధ్యనుంచి పైకి తేలినట్టు వచ్చింది. గుండ్రటి దీపాలు రెండూ అతన్నే చూస్తున్నాయి. స్టీరింగు వెనక ఓర్నెల్లా పెదాలు కదులుతున్నాయి. తిడుతోందో పాడుతోందో తెలియలేదు.

"వస్తోందా మీ ఆవిడ?" అడిగాడు గ్వాల్తియేరో.

డేలియో అద్దంలోంచి చూపు తిప్పలేదు. "ఊఁ" అన్నాడు.

లోయలోకి దిగాక రోడ్డు తిన్నగా సాగింది. హారను మోగింది. పసుపు మచ్చ అద్దంలో పెద్దదై, పక్కకి జారి, మాయమైంది.

"ఓరి దేవుడా! నన్ను దాటేసిందిరా!"

"ఎవరు?"

"ఇంకెవరు, నీ పెళ్ళాం! చెయ్యి కూడా ఊపింది!"

డేలియోకి ఇప్పుడు అద్దంలో ఖాళీ రోడ్డు తప్ప ఏమీ కనిపించడంలేదు. తిరుగుదామంటే నడుము ఒప్పుకోదు. "ఎలా పోతోందిరా? చెప్పు," అన్నాడు.

"ఎలా ఏంటి? పోతోంది."

"సరిగ్గా చెప్పరా. పొగ వస్తోందా? ఏ రంగు?"

"లేదు. ఆఁ, కాస్త. నల్లగా... కాదు, నీలంగా."

"నూనె తాగుతోంది. ఇంకా?"

"వంతెన ఎక్కింది. వెనక చక్రాలు కాస్త లోపలికి వంగాయి. మళ్ళీ బాగైపోయాయి. ఒరేయ్, బావుందిరా ఇది. నిజంగా బావుంది. నువ్వు నడిపితే ఇంత బావుండదు."

డేలియో కళ్ళు మూసుకున్నాడు. సూది మందు పనిచేయడం మొదలైంది. ఎన్నో ఏళ్ళ తర్వాత, రోడ్డుమీద ఉండగా, అతనికి నిద్రపట్టింది.

ఆ తర్వాత ఆపరేషన్ జరిగింది. బస్సు ఇక నడపకూడదన్నారు డాక్టర్లు. కొంతకాలం డిపోలో టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పింఛను ఇచ్చి పంపించేశారు. బస్సు పోయినందుకు అతను పెద్దగా బాధపడలేదు. పసుపు బండిలోకి మాత్రం మళ్ళీ దిగలేకపోయాడు. ఒకసారి ప్రయత్నించాడు. ఓర్నెల్లా కేకలు వేసి ఆపింది.

అమ్మేయమన్నారు చాలామంది. ఆంకోనా పెద్దమనిషి రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఫోన్ ఎత్తింది ఓర్నెల్లా. "అది ఇప్పుడు ఖాళీగా లేదండీ, నేను వాడుతున్నాను," అని పెట్టేసింది.

ఆదివారాలు ఆమె ఒక్కతే వెళ్ళేది. డేలియో గ్యారేజీ ముందు కుర్చీ వేసుకుని, బండి వీధి చివర మలుపు తిరిగేదాకా చూసేవాడు. కొన్ని ఆదివారాలు అసూయతో అతనికి కడుపు మండేది. కొన్ని ఆదివారాలు, ఎక్కడికీ పోనక్కర్లేదన్న నిశ్చింత అతన్ని ఆ కుర్చీలోనే జోకొట్టేది. ఏ ఆదివారం ఏదొస్తుందో అతనికే తెలిసేది కాదు.

శరదృతువులో ఒకరోజు ఆమె చీకటిపడే వేళకి తిరిగొచ్చింది. మొహం ఎండకి కందిపోయింది. బండి దిగి గోడ పట్టుకుని నిలబడింది.

"ఎలా నడిచింది?"

"బాగానే. కొండమీద కాస్త దగ్గింది. స్టీరింగు ఇంత బరువేంటయ్యా? నా చేతులు నా చేతుల్లా లేవు. వారమంతా ఆ బస్సు తోలి, ఆదివారం దీన్నెలా తిప్పేవాడివి?"

డేలియో ఆమెను పట్టుకుని మెట్లవైపు నడిపించాడు. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ మాట అతనికి లోలోపల వెచ్చగా తగులుతూనే ఉంది. పైన సూప్ వేడిచేసి ఉంచాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి, వంగకుండా, డాక్టరిచ్చిన లేపనం ఆమె మెడకీ భుజాలకీ రాశాడు.

"గట్టిగా," అంది ఓర్నెల్లా, కళ్ళు మూసుకుని. "ఇంకాస్త కిందికి."