సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారు

నేను కారు నడపడం నలభై దాటాక నేర్చుకున్నాను. మా కాలేజీ మంగళగిరి దగ్గర. పటమట నుంచి రోజూ ఆటోలు మారి వెళ్ళడం కష్టమైపోతోందని ఒక పాత కారు కొన్నాం. నాతో పనిచేసే ఒకావిడ కూడా నా పక్క సీట్లో కూర్చుని వచ్చేవారు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఎండలు ముదిరాక, సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, ఇంజన్ గజగజ వణికి ఆగిపోయేది. తాళం తిప్పితే మళ్ళీ స్టార్టయ్యేది కానీ, ఆలోపే వెనక హారన్లు అందుకునేవి. ఒకసారి పక్కన ఆగిన లారీలోంచి ఒకతను తల బయటపెట్టి, "పూర్తిగా నేర్చుకున్నాక రోడ్డెక్కండమ్మా" అన్నాడు. పక్కనున్నావిడ ఆ రాత్రే, మర్నాటి నుంచి బస్సులో వెళ్తానని మెసేజ్ పెట్టారు.

ఇంట్లో చెప్తే మా ఆయన నవ్వారు.

"క్లచ్ సరిగ్గా తొక్కవు నువ్వు. నేను నడిపినప్పుడు ఎప్పుడైనా ఆగిందా?"

"ఆగినప్పుడు క్లచ్‌తో పనిలేకుండా న్యూట్రల్‌లోనే ఉందండీ."

"ఉందనుకుంటావు."

గేరు తీశానని నా చేతికి తెలుసు. అయినా ఆయన మాటే నమ్మాను. ఎర్ర లైటు కనిపిస్తే చాలు, ఎవరూ ఏమీ అనకముందే అద్దం దించి, వెనకవాళ్ళకు చెయ్యెత్తి సారీ చెప్పేదాన్ని. చివరికి కారు ఆయనకు వదిలేసి మళ్ళీ ఆటోలెక్కాను.

ఒక శనివారం ఆయన ఊళ్ళో లేరు. అత్తయ్యను కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాల్సి వచ్చింది. తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర కారు మళ్ళీ ఆగిపోయింది.

"నాకు చేతకావట్లేదత్తయ్యా" అన్నాను.

"ఇందులో నీ చేతకానితనం ఏముందే? మొన్న వాడూ నేనూ హనుమాన్ జంక్షన్ వెళ్ళినప్పుడు వాడికీ ఆగిందిగా. టోల్‌గేటు దగ్గర ఎంతకీ స్టార్టవక, అందరూ చూస్తుండగా దిగి తోశాడు. నీకు చెప్పలేదా?"

"లేదత్తయ్యా."

నాకు కోపం రావాలి. కానీ ముందు వచ్చింది సిగ్గే. నా చెయ్యి చెప్పింది నేనే నమ్మలేదు. నాది కాని తప్పుకు ఎంతమందికి సారీ చెప్పానో.

ఆయన వచ్చాక గొడవేమీ పెట్టుకోలేదు. "రేపు ఇద్దరం మెకానిక్ దగ్గరికి వెళ్దాం" అన్నాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నారు.

"ఎప్పుడాగుతోంది మేడం?" అని మెకానిక్ అడిగాడు.

"పొద్దున్నే ఆగదండీ. బాగా వేడెక్కాక, కదలకుండా నిలబెడితేనే. ఏసీ వేస్తే ఇంకా త్వరగా ఆగిపోతుంది."

"ఎవరు నడిపినప్పుడు?"

నేను నోరు తెరిచేలోపే ఆయన, "ఇద్దరికీ ఆగుతోందండి" అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మెకానిక్ ఇంజన్ ఆన్‌లో ఉంచి, గొట్టాలను ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఒక సన్నటి రబ్బరు గొట్టం అడుగున బుస కొట్టినట్టు చప్పుడు వస్తోంది. అక్కడ వేలితో అదిమితే ఇంజన్ వణుకు తగ్గింది. వేలు తీస్తే మళ్ళీ మొదలైంది. వేడికి గొట్టం మీది పగులు విచ్చుకుని అక్కర్లేని గాలి లోపలికి పోతోందని, బండి పరుగులో ఉన్నప్పుడు తెలియదని, నిలబడితే మాత్రం ఇంజన్ తట్టుకోలేదని చెప్పి, గొట్టం మార్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేనే నడిపాను.

"అమ్మ చెప్పిందా?" అని ఆయన అడిగారు.

"చెప్పారు."

"అన్నిసార్లు నిన్ను అన్నాక, నాకూ ఆగిందని చెప్పడానికి మొహం చెల్లలేదు."

మొహం చెల్లకపోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందుకే దెప్పలేకపోయాను. అలాగని పర్వాలేదని కూడా అనలేకపోయాను. ముందు ఎర్ర లైటు పడితే గేరు తీసి ఆపాను; ఇంజన్ ఆగలేదు, నేను అద్దం దించలేదు.