మళ్లీ నడిచి, నర్సింగ్ స్కూలుకి

2006 చలికాలం. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో మా అపార్ట్‌మెంట్ మెట్లు దిగుతుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతి కాలికి తెలియలేదు. అప్పటికి రెండు రోజులుగా అరికాళ్లలో తిమ్మిరి. సోమవారానికి మోకాళ్లు నిలబడలేదు. మా ఆయన రవి నన్ను ఎత్తుకెళ్లి కార్లో కూర్చోబెట్టాడు.

ఎమర్జెన్సీలో న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో మోకాలి మీద తట్టింది. కాలు కదల్లేదు. వెన్నులోంచి నీరు తీసి చేసిన స్పైనల్ ట్యాప్ రిపోర్ట్ చూసి చెప్పింది: "గియాన్ బారే సిండ్రోమ్. మీ ఇమ్యూన్ సిస్టమే మీ నరాల మీద దాడి చేస్తోంది. చాలామంది మళ్లీ నడుస్తారు. టైమ్ పడుతుంది."

ఐసీయూలో ఐదు రోజులు ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. చేతులు కూడా పడిపోయాయి. ఆ రోజులు నీళ్లలో తేలుతున్నట్టు గుర్తున్నాయి. కిటికీ అవతల మంచు నెమ్మదిగా రాలేది. నా ఒళ్లు ఎక్కడ ముగిసి దుప్పటి ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఆ మసకలోకి ఒక గొంతు వచ్చేది.

"పద్మా, ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు పోస్తున్నాను."

నర్స్ కేరన్. నా జుట్టు కడుగుతూ, ప్రతి పనీ చేసేముందు చెప్పేది. ఒకరోజు, అంతకుముందు పదకొండేళ్లు మ్యూజిక్ టీచర్‌గా పనిచేశానని చెప్పింది.

"మరి నర్స్ ఎలా అయ్యారు?" అన్నాను.

"వేరే డిగ్రీ ఉన్నవాళ్లని కూడా నర్సింగ్ మాస్టర్స్‌లో చేర్చుకుంటారు. నలభై ఏళ్లకి చేరాను."

మళ్లీ నడక నేర్పే రీహాబ్‌లో ఏడు వారాలు. ఒకసారి బాత్రూంలో పడ్డాక, నేర్చుకున్న నడకంతా మళ్లీ మొదటికొచ్చింది. ఏడాదికి మళ్లీ ఆఫీసుకి వెళ్లాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తూనే మనసు ఆ వార్డులో తిరుగుతుండేది.

"నర్సింగ్ చదువుతా" అన్నాను రవితో.

"ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చేసి బెడ్‌పాన్లు తీస్తావా?"

"నావి ఎవరు తీశారు?"

మరుసటి వారం, మాస్టర్స్‌కి ముందు చదవాల్సిన అనాటమీ క్లాసుకి రవే నన్ను కార్లో తీసుకెళ్లాడు.

మాస్టర్స్‌లో చేరాక, హాస్పిటల్లో పేషెంట్ల దగ్గర చేసే క్లినికల్స్‌లో ఎదురుదెబ్బ తగిలింది. వేళ్ల మొద్దుబారుడు పోలేదు. పేషెంట్ నాడి దొరికేది కాదు. "ఈ చేతులతో పేషెంట్‌కి రిస్క్. ఒక సెమిస్టర్ ఆగు" అంది ఇన్‌స్ట్రక్టర్. పార్కింగ్ లాట్‌లో ఏడ్చాను. ఆ ఆరు నెలలూ థెరపీకి వెళ్తూ, ఇంట్లో ఆవాలూ జీలకర్రా కలిపి, కళ్లు మూసుకుని వేళ్లతో వేరు చేసేదాన్ని. తిరిగి క్లినికల్స్‌కి వెళ్లాను. పాసయ్యాను.

ఇప్పుడు నరాల జబ్బులవాళ్లుండే న్యూరో ఫ్లోర్‌లో నర్సుగా నాలుగో ఏడాది. అలసిపోతే కుడి పాదం కొంచెం ఈడుస్తాను. మొన్న అదే జబ్బుతో వచ్చిన ఒక తెలుగు పెద్దాయన అడిగారు:

"నేను మళ్లీ నడుస్తానా అమ్మా?"

"మాట ఇవ్వలేను అంకుల్. నేను మాత్రం ఇదే జబ్బులోంచి లేచి వచ్చాను."

ఆయన చాలాసేపు నా కాళ్లనే చూశారు.

మీకు చెప్పేది ఒకటే. రెండు పాదాల్లోనూ మొదలైన తిమ్మిరి పైకి పాకుతుంటే, కాళ్లు నీరసిస్తుంటే, రేపు చూద్దామనుకోకండి. ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి.