బండి కింది ముగ్గు

రాయగడలో మా ఇంటి వసారాలో నిలబెట్టి ఉన్న బండి ట్యాంకు మూత తిప్పగానే పెట్రోలు వాసన గుప్పుమంటుంది, దాని వెనకాలే బండి మీద కప్పిన గోనెపట్టా తడి వాసన, ఆ రెంటికీ అడుగున పాత ఇత్తడి వాసన ఒకటి సన్నగా తగులుతుంది. మావారు ముక్కు మూసుకుని లోపలికి పోతారు. నేను మాత్రం అక్కడే నిలబడి గుండెల నిండా పీల్చుకుంటాను, ఎందుకంటే ఆ వాసనలో మా కొరాపుట్ ఇల్లుంది, మా తాత ఉన్నాడు, పన్నెండేళ్ల వయసులో నేను గెలిచిన ఒక గెలుపు ఉంది.

మా తాత సాలూరు నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చి కొరాపుట్‌లో కిరాణా కొట్టు పెట్టిన మనిషి. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో కిరసనాయిలు పీపాలూ గోనెసంచులూ ఉండే గోదాం, ఆ పక్కన రేకుల పందిరి. తొంభైల చివర్లో ఆ పందిరే మాకు ఆటస్థలం, ఎందుకంటే వానాకాలం మొదలైతే సూర్యుడు మొహం చాటేసేవాడు, బట్టలు కుంపటి చుట్టూ ఆరేవి, అప్పడాలు డబ్బాలోనే మెత్తబడిపోయేవి, మేం ఏడుపెంకులాట ఆడితే బంతి ఎర్రమట్టి ముద్దయి తిరిగొచ్చేది. ఆదివారం సంతకు కొండల మీంచి దిగే ఆడవాళ్లు అల్లం, పసుపు, వెదురు కొమ్ములు, పాత సీసాల్లో పోసిన తేనె తెచ్చేవారు. ఆ తేనె సీసాలను మా నాయనమ్మ కొట్టుకోసం కొనేది. వాటికి ఎండిపోయి వదులైన కార్కు బిరడాలుంటే వాటిని వేడినీళ్ల గిన్నెలో నానబెట్టి, ఉబ్బాక మళ్లీ బిగించేది. వంటింటి గట్టు మీద ఆ బిరడాల గిన్నె లేని రోజు నాకు గుర్తులేదు.

పందిట్లో రాజా మాత్రం తాత బండి. ఎప్పుడో ఇంగ్లండు నుంచి దిగి, ఏ దొర దగ్గరో అరిగి, చివరికి మా తాత చేతికొచ్చిన మోటారు సైకిలు అది. తాత దాన్ని తన పాత పంచె ముక్కతో తప్ప మరో గుడ్డతో తుడవనిచ్చేవాడు కాదు, స్టార్టు చేసేముందు దానికి వినపడేలా ‘నారాయణా’ అనేవాడు, అది కూడా ఆ మాట వినకపోతే కదిలేది కాదని మా అందరి నమ్మకం. ట్యాంకు అడుగున పెట్రోలు వదలడానికి ఇత్తడి కుళాయి ఒకటుంటుంది, మెకానిక్కులు పెట్రోలు కాక్ అంటారు. చిన్న కడ్డీని బయటికి లాగితే పెట్రోలు దిగుతుంది, లోపలికి నొక్కితే ఆగుతుంది. ఆగాలి, మరి. ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచీ అది ఆగడం మానేసింది. నొక్కినా, తిట్టినా, దండం పెట్టినా చుక్క చుక్కగా కారుతూనే ఉండేది.

మా నాన్నకు భయం పట్టుకుంది. పక్కనే కిరసనాయిలు, గోనెలు, కొట్టులో దేవుడి దీపం. భయపడటం తప్పు కాదు గానీ ఆయన భయం ముందు పుట్టింది, కారడం తర్వాత మొదలైంది. బజారులో ఎవరిదో కొట్టు కాలిందని విన్న నాటి నుంచీ రోజూ సాయంత్రం ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకుండా డబ్బాలోకి వంపించి, పొద్దున మళ్లీ పోయించేవాడు. దానికి తోడు కారడం కూడా మొదలయ్యేసరికి ఇక ఓపిక పోయింది.

“నాన్నా, విశ్వకర్మ పూజ దాకా సూస్తాను. అప్పటికీ కారితే మర్నాడు పాతసామాన్లోడికి తూకానికి ఇచ్చేత్తాను,” అన్నాడు.

తాత పంచె ముక్క తీసుకుని తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. పూజ రోజున సునాబెడ ఫ్యాక్టరీలో పనిచేసే మా చిన్నాన్న మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి పూలదండలు వేసిన యంత్రాలు చూపిస్తానన్నాడు, తాత నన్ను ఈ బండి మీదే తీసుకెళ్తానన్నాడు. నాకు రెండూ కావాలి, యంత్రాలూ కావాలి, బండీ కావాలి, అన్నిటికంటే తాత మొహం మళ్లీ మామూలుగా కావాలి.

చెయ్యని వైద్యం లేదు. ఒంటిసబ్బు మెత్తగా పిసికి పూశాం, వానకు నురగై పోయింది. సైకిలు ట్యూబు కోసి వాషరు వేశాం, అది పెట్రోలు తాగి ఉబ్బి, గారెలా విడిపోయింది. కొత్త కాక్ కోసం విశాఖలో అడిగిస్తే అలాంటి సామాను రావడం మానేసి చాలా కాలమైందన్నారు.

పూజ రోజు రానే వచ్చింది. కొరాపుట్‌లో ఆ రోజు మెకానిక్ షెడ్లన్నీ రంగు కాగితాల జెండాలతో, మైకు పాటలతో, కిచిడీ వాసనతో ఊగిపోతాయి. కానీ పానా ముట్టేవాడుండడు. పనిముట్లన్నీ కడిగి, బొట్టు పెట్టి, విశ్వకర్మ ముందు పడుకోబెడతారు, ఆ రోజు వాటికి సెలవు. మా ఇంట్లోనూ అంతే, తక్కెడ, సుత్తి, చాకు, ఆఖరికి నాయనమ్మ కత్తిపీట కూడా పీట మీద కుంకుమతో కూర్చున్నాయి. నాయనమ్మ బండి కింద బియ్యప్పిండితో పెద్ద ముగ్గు వేసింది. తాత పొద్దున్నే పెట్రోలు పోశాడు. పంతులుగారు హారతి వెలిగించబోతూ కిందికి చూశారు. ముగ్గు నడిమధ్యలో తడి మచ్చ ఒకటి పాకుతోంది.

“షావుకారు గారూ, దీనికి నేను హారతిస్తే ఇది మనకందరికీ హారతిస్తుందండి,” అని పళ్లెం వెనక్కి తీసుకున్నారు.

నాన్న మెకానిక్ షెడ్డుకి పరిగెత్తి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ‘ఆజి కామొ బొందొ’ అన్నారట, ఈ రోజు పని లేదని. తాత గోడకు జారబడ్డాడు. నేను నీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద గిన్నెలో బిరడాలు తేలుతున్నాయి, రాత్రి చిటికెన వేలంత ఎండిపోయినవి తెల్లారేసరికి బొద్దుగా అయ్యాయి. అప్పుడు తట్టింది. తాతకు జొరమొచ్చి పెట్రోలు వంపడం మరిచిన రెండు మూడు రోజులూ బండి కింద నేల పొడిగా ఉంది. నేను ఆ పందిట్లోనే ఆడేదాన్ని, నాకు తెలుసు.

“తాతా! ఆ కడ్డీకి లోపల ఏటుంటాది?” అని అరుచుకుంటూ వచ్చాను.

“కార్కు బెండేనే అమ్మీ. ఏం?”

“రేత్రి ట్యాంకు ఖాళీ సేత్తే అది ఎండిపోతాది కదా! నాయనమ్మ బిరడానాగ!”

తాత నావైపు చూశాడు, తర్వాత నాన్నవైపు చూశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఇంట్లో దొంగ మా నాన్న జాగ్రత్తే. పాపం, మనిషి మొహం ఎర్రబడింది.

“అదేదో సూద్దాం గానీ, కడ్డీ తియ్యడానికి మర పట్టేసింది. పానా ముట్టకూడదు గదా,” అన్నాడు.

తాత జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. “ఇది పనిముట్టు కాదు.”

“షావుకారికి అదే పనిముట్టు, మావా,” అని అమ్మ గుమ్మం చాటునుంచి నవ్వింది. పంతులుగారు అటు తిరిగి వినపడనట్టు ఉన్నారు.

ట్యాంకులోది మళ్లీ డబ్బాలోకి వంపి, రూపాయి అంచుతో మర తిప్పి, కడ్డీ లాగాడు తాత. చివర్న చిన్న కార్కు ఉంగరం, ఎండి ముడుచుకుని, వదులుగా గిరగిరా తిరుగుతోంది. నాయనమ్మ బిరడాల గిన్నెలో దాన్ని కడ్డీతో సహా వేసి పొయ్యి మీద పెట్టాం. “ఓలమ్మో, నా బిరడాలు పెట్రోలు కంపు కొడతాయే!” అని నాయనమ్మ గోల పెడుతూనే పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. నీళ్లు మరిగే కొద్దీ ఆ ఉంగరం మా కళ్లముందే నిండుగా ఉబ్బింది. తిరిగి పెడితే కడ్డీ బిగుతుగా, కొత్త చెప్పులో కుర్రాడి కాలులా కిర్రుమంటూ లోపలికి దిగింది. నాయనమ్మ తడి ముగ్గు తుడిచి కొత్త ముగ్గు వేసింది. పెట్రోలు పోశారు. అందరం బండి చుట్టూ గొంతుక్కూర్చున్నాం, మైకు పాట కూడా మాకు వినిపించలేదు.

చుక్క పడలేదు. ఇంకాసేపు చూశాం. పడలేదు. బియ్యప్పిండి తెల్లగా, గీత చెదరకుండా అలాగే ఉంది. పంతులుగారు హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, మొదటి చెక్క నా చేతిలో పెట్టారు. అంతటి గర్వం నాకు తర్వాత ఏ పరీక్షలోనూ, ఏ ఉద్యోగంలోనూ కలగలేదు.

తాత ‘నారాయణా’ అన్నాడు. బండి విన్నది. సునాబెడ దారిలో వాన వెలిసి, కొండల మీద మబ్బులు దూదిలా వేలాడుతుంటే, తాత పొట్ట గట్టిగా పట్టుకుని కూర్చుని దారిన పోయే ప్రతి మనిషికీ చెయ్యి ఊపాను. నాన్న మా వెనక బస్సులో వచ్చాడు. మర్నాడు పాతసామాన్లవాడు తక్కెడ భుజాన వేసుకుని రానే వచ్చాడు. తాత పందిట్లోకి వెళ్లి, రోజూ పెట్రోలు వంపుకునే ఆ డబ్బా తెచ్చి, “ఇదుగో, ఇదే ఇచ్చేత్తన్నాం,” అని నాన్న చూస్తుండగా వాడి చేతిలో పెట్టాడు. నాన్న నవ్వేశాడు.

ఇప్పుడు తాత లేడు, నాయనమ్మ లేదు, పందిరి తీసేసి డాబా వేశారు. సంతలో తేనె వస్తూనే ఉంది గానీ ప్లాస్టిక్ మూతలతో, నానబెట్టే బిరడా ఒక్కటీ కనపడదు. బండి మాత్రం తాత నాకే ఇచ్చాడు. దూరాలు పోలేదు, ముసలిదైంది. అయినా దాని ట్యాంకు నేను ఎన్నడూ ఎండనివ్వను, గ్లాసెడు పెట్రోలైనా అడుగున ఉంచుతాను. విశ్వకర్మ పూజ రోజున మావారి నవ్వులు పట్టించుకోకుండా దాని కింద బియ్యప్పిండితో ముగ్గు వేస్తాను. సాయంత్రం దీపం పెట్టేముందు వంగి చూస్తాను. ముగ్గు చెదరదు.