కపిల బాట మీద వేగం

పదో తరగతి సైన్సు పరీక్ష నన్ను రెండుసార్లు కిందపడేసింది. ఐదుతో బడి మానినవాణ్ణి. మదనపల్లెలో ఒక ఆఫీసులో ప్యూనుగా చేస్తూ, పాత పుస్తకాలు కొని నాకు నేనే చదువుకున్నాను. పది పాసైతే గుమాస్తా కుర్చీ, లేకుంటే రిటైరయ్యేదాకా టీ గ్లాసులు మోయడమే. డెబ్బైల చివర్లో మూడోసారి కట్టాను. ఇదే ఆఖరుసారని ఆఫీసరు తేల్చేశాడు.

వడికీ వేగానికీ తేడా ఏమిటన్న ప్రశ్న రెండుసార్లూ వచ్చింది. ఎద్దులబండిది వడి, ఎక్స్‌ప్రెస్ బస్సుది వేగం అని రెండుసార్లూ రాశాను. ఎక్కువ వడే వేగమనుకున్నాను మరి. మా వీధిలో ట్యూషన్లు చెప్పే అయ్యవారిని అడిగితే, దిశ ఉంటే వేగం, లేకుంటే వడి, బట్టీ కొట్టు అని కసిరాడు. ఏ దిక్కుకూ పోకుండా నడిచే బండి లోకంలో ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. తెలియక అడిగినవాణ్ణి కసరడం సులువు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

పరీక్షకు వారం ముందు పుంగనూరు పక్కన మా ఊరికి పోయాను. మా నాయన ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలుతున్నాడు. ఎద్దులు మోకు లాగుతూ బావికి దూరంగా వాలుబాట దిగితే తోలుబాన నీళ్ళతో పైకొస్తుంది. అవే ఎద్దులు వెనక్కి నడిస్తే బాన బావిలోకి దిగుతుంది. నాయన నీడకు పోతే పగ్గాలు నేను పట్టాను. మనసంతా ఆ ప్రశ్న మీదే. వెనక్కి నడుస్తున్న ఎద్దుల్ని బావి అంచు దగ్గర ఆపాలన్నది మరిచి అదిలిస్తూనే ఉన్నాను. నాయన పరుగెత్తుకొచ్చి పగ్గాలు పట్టుకున్నాడు.

“యాల అదిలిస్తాండావప్పా? నడక బాగుంటే సాలునా? ఏ పక్కకు పోతాండాయో సూడొద్దా? అట్ల పోతే నీళ్ళొస్తాయి, ఇట్ల పోతే ఎద్దులే బాయిలో పడతాయి.”

మళ్ళీ చెప్పు నాయనా అన్నాను.

“సదువుకునేటోనికి ఇది గూడా రెండుసార్లు సెప్పాల్నా?”

పరీక్ష సెంటరు కుప్పంలో పడింది. అదే ప్రశ్న, మూడోసారి. ఎద్దులు నిమిషానికి ఎన్ని అడుగులు నడిచాయో చెబితే వడి. ఆ అడుగులు బావి వైపుకో, బావికి దూరంగానో కూడా చెబితే వేగం అని రాసి, బాట బొమ్మ గీసి బాణాలు పెట్టాను. పుస్తకంలో లేని ఉదాహరణ, కొట్టేస్తారేమోనని ఫలితాలొచ్చేదాకా అన్నం సహించలేదు.

పేపర్లో నా నంబరుంది. నా కళ్ళను నమ్మలేక, మదనపల్లె బస్టాండులో పక్కనున్న పెద్దాయన చేత కూడా చదివించాను. ఉందన్నాడు. హోటల్లో కూర్చుని ఆరు ఇడ్లీలు తిన్నాను, నెమ్మదిగా.