నీళ్లు తాగని దూది

నజీమా పీహెచ్‌డీ చేస్తున్నది పలచటి పొరల మీద. ఎంత పలచనంటే, అలాంటివి రెండు వందలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే గాని తలవెంట్రుకంత మందం రాదు. గాలి మొత్తం తోడేసిన గాజు మూత కింద జింక్ సల్ఫైడ్ పొడిని వేడి చేస్తే అది ఆవిరై, పైన కట్టిన గాజు పలకలకు పట్టుకుంటుంది. నీళ్ల మీద కిరసనాయిలు చుక్క పడ్డట్టు రంగులు తేలతాయి. ఆ పొర మీద సెల్లో టేపు అంటించి లాగుతారు. పొర గాజుకే ఉంటే నెగ్గినట్టు. టేపుతో లేచొస్తే చేసిందంతా వృథా.

నరసరావుపేటలో మేం ఉండేది వాళ్ల మేడ మీదే, అద్దెకు. కింద వాళ్ల నాన్న జాన్ సాహెబ్ పరుపుల కొట్టు. నేను బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను గనక ఆమె చెప్పేది ఇంట్లో సగమన్నా అర్థమయ్యేది నాకే.

"పొర అంటే ఏందే? దుప్పటా?" అన్నాడట జాన్ సాహెబ్ మొదటి రోజు.

"దుప్పటే నాన్నా. కప్పుకుంటే కనపడదు."

"కనపడని దుప్పటికి ఐదేళ్లా! నేను రోజుకు మూడు పరుపులు కుడతా."

అలా అన్నా, కూతురికి కావలసినవన్నీ తనే చూసేవాడు. గాజు పలకలు తుడవడానికి దూది కావాలంటే, చిలకలూరిపేట మిల్లు నుంచి వచ్చిన బేళ్లలో తెల్లనిది ఏరి, ఒక్క నలక లేకుండా ఏకించి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిచ్చేవాడు. ఆ దూదిని, జిడ్డు కరిగించే అసిటోన్‌లో ముంచి నజీమా పలకలు తుడిచేది. ల్యాబ్‌లో ఎవరి పలకలూ అంత మెరిసేవి కావు.

కానీ పొరలు నిలవలేదు. మూడు నెలల్లో పదకొండు సార్లు వేసింది. పదకొండు సార్లూ టేపుతో పాటు పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చాయి. పీడనం మార్చింది, మందం తగ్గించింది, పొడి కొత్తది తెప్పించింది. గైడు ప్రభాకరరావు గారు చెడ్డ మనిషి కాదు. అయినా పదకొండోది పోయిన రోజు సూటిగానే చెప్పారు.

"ఇరవై రెండున రివ్యూ కమిటీ. నిలిచిన పొర ఒక్కటన్నా చూపించలేకపోతే ఈ టాపిక్ వదిలేద్దామ్మా. కంప్యూటర్ మీద లెక్కలు కట్టే టాపిక్ ఇస్తాను."

"నేను పొరలు వేయడానికే చేరాను సార్."

"పొరలు వేసే ఆ యంత్రం కోసం ఇంకా నలుగురు కాచుకుని ఉన్నారు."

ఆమెకు మిగిలింది ఒకే ఒక్క వంతు, పంతొమ్మిదో తేదీన.

ఆ వారంలోనే మా పాపకు కళ్లకలక వచ్చింది. రెప్పలు అంటుకుపోయి ఏడుస్తుంటే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చూపుకేమైనా అవుతుందేమోనని భయం. డాక్టరు గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడవమన్నాడు. కిందికి పరుగెత్తి కొట్లోంచి గుప్పెడు దూది తెచ్చి, కింది వరండాలోనే కూర్చుని నీళ్ల గిన్నెలో వేశాను. అది తేలుతూనే ఉంది. నొక్కినా మునగలేదు.

నజీమా వాళ్లమ్మ అమీనా బీ చూసి గిన్నె లాక్కుంది.

"ఏమే, దీంతోనా తుడిచేది? ఈ దూది నీళ్లు తాగదు. మందుల షాపు దూది తెచ్చుకో. దాన్ని ఉడకబెట్టి జిడ్డు తీస్తారు."

"జిడ్డేంది పిన్నీ, ఇంత తెల్లగా ఉంటే?"

"చెట్టు మీద నుంచే వస్తుంది, మైనం లాగా. మా ఆయన్నడుగు, చానా చెప్తాడు."

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న నజీమా ఆగిపోయింది. గిన్నె వంక చూసి, ఒక చెప్పుతోనే లోపలికి పోయి రెండు గాజు పలకలు తెచ్చింది. రెంటినీ సబ్బుతో రుద్ది కడిగి ఆరబెట్టింది. ఒకదాన్ని నాన్న దూదితో, ఎప్పటిలాగే అసిటోన్ పెట్టి తుడిచింది. రెండోదాన్ని తాకలేదు. రెంటి మీదా నోటితో ఆవిరి ఊదింది.

తాకని పలక మీద ఆవిరి ఒకే తెరలా పరుచుకుంది. తుడిచిన పలక మీద చుక్కలు చుక్కలుగా విడిపోయింది.

"అక్కా, అసిటోన్ మైనాన్ని కరిగించింది. నేనే దాన్ని గాజంతా పులిమాను. జిడ్డు మీద పొర నిలుస్తుందా? మూడు నెలలు!" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అప్పుడే లెక్క మొదలుపెట్టింది. "ఇంకా ఆరు రోజులున్నాయి."

జాన్ సాహెబ్‌కు చెప్పడం మాత్రం కష్టమైంది. ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత తీసి దూదిని వేళ్లతో నలిపి చూశాడు.

"ముప్పై ఏళ్లలో నా దూదికి వంక పెట్టింది నువ్వేనే."

"పరుపుకు వంక పెట్టలేదు నాన్నా. గాజుకు పనికిరాదంటున్నా."

"ఏం కావాలో ముందే అడిగితే చెప్పేవాణ్ణి గదా!"

"నేను అడగలేదు. తెల్లగా ఉంటే శుభ్రమనుకున్నా."

పంతొమ్మిదిన పలకలను దూదితో ముట్టుకోలేదు. సబ్బు నీళ్లతో, తర్వాత యాసిడ్‌తో, ఆ తర్వాత స్వేదనజలంతో కడిగి, ఒక్కోదాని మీద ఆవిరి ఊది చూసుకుని యంత్రంలో కట్టింది. ఆరు పలకలు. సాయంత్రం టేపు లాగింది. ఐదు నిలిచాయి. ఒకటి అంచు దగ్గర లేచింది.

కమిటీ గది ముందు ప్రభాకరరావు గారు మెల్లగా అన్నారట. "పాతవి ఎందుకు పోయాయని అడుగుతారు. ఉపరితల కాలుష్యం అను, చాలు. దూది, పరుపులు అవన్నీ ఎందుకు?"

అడిగారు. నజీమా ఆరు పలకలనూ, లేచినదానితో సహా, బల్ల మీద పరిచింది.

"మా నాన్న పరుపులు కుడతారు సార్. జిడ్డు తీయని దూదితో తుడిచాను. తప్పు నాది. ఇది మాత్రం అంచు దగ్గర ఎందుకు లేచిందో ఇంకా తెలియదు. అది తేల్చడానికి నాకు యంత్రం కావాలి."

ఒక పెద్దాయన నవ్వాడట. మరొకాయన పలకను వెలుతురుకు పట్టి, టేపు అడిగి, తనే అంటించి లాగి చూశాడు. పొర కదల్లేదు. టాపిక్ మార్చనక్కర్లేదని రాసి సంతకాలు చేశారు.

ఆమె నాకు ఫోన్ చేసింది ల్యాబ్ నుంచే. యంత్రం రిజిస్టర్‌లో వచ్చే గురువారం ఎదురుగా తన పేరు రాసుకుంటూ మాట్లాడుతోంది.