లిఫ్టు బిల్డింగ్

మరమగ్గాల పనికి మేము వలస వచ్చిన పట్నంలో, మా ప్రాంతంలో లిఫ్టు ఉన్న మొదటి మేడ అది. ధామన్కర్ నాకా కూడలి నుంచి పద్మనగర్ వైపు వచ్చేవారికి ఆరంతస్తుల ఆ కట్టడమే గుర్తు; ఆటోవాళ్లకు ‘లిఫ్టు బిల్డింగ్’ అంటే చాలు. వరుస గదుల చాల్‌లో కిటికీ లేని ఒంటి గదిలో సగం జీవితం గడిపిన నా భార్య, తొంభైల మొదట్లో మేము పై అంతస్తులో అద్దెకు దిగిన రోజున, దూరంగా మెరుస్తున్న చెరువును, వరాలా తలావ్‌ను చూస్తూ పొయ్యి మీది అన్నం మాడబెట్టింది.

కొన్నేళ్లకు యజమాని కింది దుకాణాలను ఖాళీ చేయించి పవర్లూమ్‌లు బిగించాడు. మేడంతా సన్నగా వణకడం మొదలైంది. మేము నేతవాళ్లం, ఆ వణుకు మాకు ప్రమాదంగా తోచలేదు. మగ్గం నడుస్తోందన్న ధైర్యంగానే తోచింది. కరెంటు పోయి చప్పుడు ఆగినప్పుడే పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవారు.

వంటగది గోడ పగిలినప్పుడు, పగులుకు అడ్డంగా కాగితపు పట్టీలు అతికించి తేదీలు వేశాను. పడుగుకు పట్టించే గంజితోనే అతికించాను. పగులు పెరిగితే పట్టీ చిరగాలి. వానలు తగ్గకముందే అన్నీ చిరిగాయి. వాటిని తీసుకెళ్లి యజమాని ముందు పరిచాను.

“గోడకు పట్టీలేంది కాకా, దెబ్బ తాకిందా?” అన్నాడతను.

“మగ్గాలు వేరే షెడ్డుల పెట్టు. ఈ వణుకుకు బిల్డింగ్ ఆగది,” అన్నాను.

“గవి బంద్ చేస్తే నీకే నిద్ర పట్టది. రేపు నువ్వే వచ్చి చాలూ కర్ అంటవ్!”

పక్కనున్న మా పొరుగువాళ్లూ నవ్వారు. వాళ్ల కూలి ఆ మగ్గాల మీదే. దసరాకు యజమాని గోడలకు సున్నం వేయించి, పగుళ్లను కప్పించాడు.

మరుసటి వానల్లో మెట్ల పైకప్పు పెచ్చు ఊడిపడింది. అప్పుడు యజమాని ఒక ఇంజనీరును పిలిపించాడు. బరువు తగ్గించాలని ఆయన తేల్చాడు. తగ్గించవలసిన బరువు మేమేనట. పై నాలుగంతస్తులు కూల్చారు. అద్దెవాళ్లకు అడిగే హక్కు లేదన్నారు. మగ్గాల జోలికి ఎవరూ పోలేదు. అవి నేటికీ అక్కడే ఆడుతున్నాయి. లిఫ్టు గుంతలో నూలు కండెలు నింపుకున్నారు.

మేము మళ్లీ చాల్ గదికి వచ్చాము. మొదట్లో నా భార్య అడిగేది, “ఈ గోడ అవుతల తలావ్ ఎటు దిక్కున్నది?” అని. నేను చేత్తో చూపేవాణ్ణి. ఆమె ఆ గోడ వైపే తిరిగి కూర్చునేది.

ఇప్పుడు అడగడం మానేసింది.