గుమ్మంలో పెట్టి చూసే రంగు

మా మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక పెళ్లికార్డుకి పసుపు రంగు సరిచేస్తున్నాను. ఆ పని నేర్పింది ఆయనే. ఫోన్ పెట్టేసి, ఏం చేయాలో తోచక, మళ్లీ ఆ పసుపే సరిచేస్తూ కూర్చున్నాను.

రాజాంలో ఆయన డీటీపీ షాపులో ఏడేళ్లు పనిచేశాను. ఆయన మంచాన పడ్డాక నేనే చూసుకుంటున్నాను. చేరిన కొత్తలో ఒక పెళ్లికార్డు వర్డ్‌లో తయారు చేసి, తెర మీద బంగారంలా మెరుస్తోంది కదా అని నూరు కార్డులూ ఒకేసారి కొట్టేశాను. పసుపు కాస్తా లేతగడ్డి రంగులో దిగింది. పెళ్లివారు మొహాలు మాడ్చుకున్నారు. మాస్టారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. పక్క టిఫిన్ కొట్టులోంచి చిటికెడు పసుపు తెప్పించి, తడిపి కాగితం మీద రాసి, నన్ను గుమ్మంలోకి పిలిచారు.

“సూడమ్మా, తెర ఎనకాల దీపం ఉన్నాది. కాగితానికి దీపం ఏదీ? ఏ రంగైనా గుమ్మంలో ఎలుగుకి పెట్టి సూడాల.”

ఎరుపెంత, ఆకుపచ్చ ఎంత, నీలమెంత అని అంకెలు మారుస్తూ ఒక్కో కార్డే తీసి, ఆ పసుపు పక్కన పెట్టి చూశాం. కుదిరిన అంకెల్ని ఆయన గోడమీది కాగితంలో రాసుకున్నారు. ఇంకు మారినా, కాగితం మారినా మళ్లీ మొదటికే. ఆయనకి విసుగుండేది కాదు.

మనిషి ఫొటో అయితే ఆయన ఎడమ మణికట్టే కొలత. మచ్చ పడుతుందని ఆ చేతికి వాచీ కూడా పెట్టుకునేవారు కాదు. కాగితం పక్కన చెయ్యి పెట్టి, ఇంకా ఎర్రగా ఉంది, తగ్గించమనేవారు. రాజాంలో ఫొటోలన్నీ మీ చుట్టాల్లా ఉంటున్నాయి మాస్టారూ అని నేను ఏడిపిస్తే నవ్వేవారు.

పెద్దకార్యానికి పంచే కార్డు మీద ఆయన ఫొటో నేనే వేస్తానని వాళ్లావిడకి మాటిచ్చాను. ఉన్నదొక్కటే ఫొటో, షాపులో ట్యూబులైటు కింద ఫోన్‌తో తీసింది. మొదటి కాపీలో మొహం నీలంగా వచ్చింది. రెండోదాంట్లో జ్వరం తగిలినట్టు ఎర్రగా వచ్చింది. ఫొటోలో ఆయన వేసుకున్న పొందూరు ఖద్దరు చొక్కా తెప్పించుకుని, పక్కన పెట్టి ఆ తెలుపు కుదిర్చాను. మొహం కుదరలేదు. నా చెయ్యి పెట్టి చూశాను, అది ఆయన రంగు కాదు. రెండు రోజులు అదే పని. బల్ల నిండా ఆయన మొహాలే, ఒక్కటీ ఆయన కాదు. ఏడుపొచ్చింది. అన్నీ నేర్పి ఈ ఒక్కటీ నేర్పకుండా పోయారేమని ఆయన మీదే కోపమొచ్చింది.

కార్యం నాటి పొద్దున్న వాళ్లావిడ వచ్చి ఒక్కొక్కటీ తీసి చూశారు.

“ఆయన ఇలగ ఉండీవోరు కాదమ్మా,” అన్నారు మెల్లగా.

అయినా భోజనాల వేళకి అందాలి కదా అని, కాస్త ఎరుపు తక్కువున్నదాన్ని నా చేతిలో పెట్టారు. అదే కొట్టి పంచాం. చూసినవాళ్లంతా బాగా వచ్చిందన్నారు. నేను తలెత్తలేకపోయాను.

మిగిలిన కార్డొకటి షాపులో ఉంది. రోజూ తలుపు తీయగానే దాన్ని గుమ్మంలో వెలుగుకి పట్టుకుంటాను. పక్కన ఆయన చెయ్యి పెట్టుకునేంత చోటు వదిలి పట్టుకోవడం నాకు అలవాటు. ఆ చోట ఎండ పడుతూ ఉంటుంది.